మగ్గం, మిల్లు, మైదానం: బంగు ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర - ధర్మవరం, హిందూపురం, పెనుకొండ ప్రాంతంతో తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

బ్రెజిల్ దేశంలోని రియో డి జనీరో నగర శివార్లలో 1904లో ఒక నూలు మిల్లు కార్మికవాడలో బంగు అథ్లెటిక్ క్లబ్బు పుట్టింది. పెద్ద క్లబ్బుల సరసన ఏనాడూ స్థిరంగా నిలవని ఈ చిన్న క్లబ్బు, నేతపనివారికీ నల్లజాతి వారికీ మైదానంలో చోటు కల్పించిన తొలి సంస్థలలో ఒకటిగా చరిత్రలో నిలిచింది. మిల్లు మూతపడినా క్లబ్బు మిగిలింది. ఈ చరిత్రను నేతకూ పట్టుకూ పేరుపొందిన ధర్మవరం, హిందూపురం, పెనుకొండ ప్రాంతపు క్రీడాజీవనంతో పోల్చి చూడటం ఈ వ్యాస ఉద్దేశం. క్లబ్బు నిలవడానికి ఉమ్మడి కాలం, ఉమ్మడి స్థలం, ఉమ్మడి సభ్యత్వం అనే మూడూ కావాలని, వాటిలో మూడవది లేనిచోట మొదటి రెండూ పోషకునితోనే పోతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్లబ్బు, ఫుట్‌బాల్, చేనేత, మిల్లు కార్మికులు, బంగు, ధర్మవరం, గ్రామీణ క్రీడలు.

1. ఉపోద్ఘాతం

క్రీడల చరిత్ర అనగానే విజేతల జాబితా గుర్తుకు వస్తుంది. ఎవరు ఏ కప్పు గెలిచారు, ఎవరు ఎన్ని గోల్స్ చేశారు అన్నదే చరిత్రగా చెలామణి అవుతుంది. కాని ఆట ఆడాలంటే ముందుగా ఆడేవారికి తీరిక ఉండాలి, ఆడుకోవడానికి స్థలం ఉండాలి, ఆ స్థలం తమదని చెప్పుకొనే హక్కు ఉండాలి. ఈ మూడూ ఎవరికి దొరికాయి, ఎవరికి దొరకలేదు అనేది సామాజిక చరిత్రకు సంబంధించిన ప్రశ్న. చిన్న క్లబ్బుల చరిత్ర ఈ ప్రశ్నకు పెద్ద క్లబ్బుల చరిత్ర కన్నా స్పష్టమైన సమాధానం ఇస్తుంది. పెద్ద క్లబ్బుకు డబ్బు, కీర్తి తోడుంటాయి. చిన్న క్లబ్బు తన చుట్టూ ఉన్న మనుషుల మీదనే ఆధారపడి బతుకుతుంది.

బంగు అటువంటి క్లబ్బు. దాని పుట్టుకకు కారణం మగ్గాలు. శ్రీ సత్యసాయి జిల్లాలోని ధర్మవరం కూడా మగ్గాల ఊరే. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకు ప్రసిద్ధి. ఈ రెంటికీ నడుమ పెనుకొండ ఉంది. రెండుచోట్లా నేత ఉంది, రైలు మార్గం ఉంది. అయితే బంగులో మిల్లు నుంచి ఆట బయలుదేరింది. ధర్మవరం ప్రాంతంలో ఆట బడి నుంచీ, స్వచ్ఛంద సంస్థ నుంచీ బయలుదేరింది. ఈ తేడాకు కారణాలు ఏమిటి? దాని ఫలితం ఏమిటి? ఈ రెండు ప్రశ్నలే ఈ పరిశీలనకు ఆధారం.

2. క్లబ్బు: మాట, అర్థం

తెలుగులో క్లబ్బు అనే మాటకు మంచి పేరు లేదు. ‘క్లబ్బుకు వెళ్తాడు’ అంటే పేకాడతాడని అర్థం. వలస పాలనలో జిల్లా, తాలూకా కేంద్రాలలో ఏర్పడిన అధికారుల క్లబ్బులు ఈ అర్థానికి మూలం. టెన్నిసు, బిలియర్డ్సు, పేకముక్కలు, వార్తాపత్రికలు అక్కడి కాలక్షేపాలు. సభ్యత్వం ఉద్యోగహోదాను బట్టి, సిఫారసును బట్టి దొరికేది. లోపలికి రానివ్వకపోవడమే ఆ క్లబ్బుల ప్రధాన లక్షణం.

సామాన్యులు కలిసి కూర్చోవడానికి తెలుగునాట వేరే మాటలు ఉన్నాయి. సంఘం, సమాజం, మండలి, పరిషత్తు అనేవి అవి. భజన మండలి, నాటక సమాజం, గ్రంథాలయం, చేనేత సహకార సంఘం మొదలైనవన్నీ సభ్యులు కూడి నడుపుకొన్న వ్యవస్థలే. అయితే వీటిలో శరీరశ్రమతో కూడిన ఆటకు చోటు తక్కువ. కుస్తీకి తాలింఖానా ఉండేది కాని అది గురువు చుట్టూ అల్లుకొన్నది.

బ్రెజిల్‌లో క్లబ్బు అనే మాటకు ఈ రెండు అర్థాలూ కలిసిన విస్తృతార్థం ఉంది. ఫుట్‌బాల్ జట్టు, నృత్యశాల, ఈత కొలను, కార్నివాల్ ఉత్సవం, కుటుంబాల కలయిక, ఎన్నికైన కార్యవర్గం అన్నీ కలిపి అక్కడ క్లబ్బు. జట్టు ఓడినా సభ్యుడు ఆదివారం క్లబ్బుకు వస్తాడు. అందుచేత అక్కడ ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర అంటే ఒక పేట చరిత్ర కూడా.

3. బంగు: మిల్లు కట్టిన ఊరు

బ్రెజిల్‌లో బానిసత్వం 1888 మే 13న రద్దయింది. మరుసటి సంవత్సరం, 1889లో, ‘కంపానియా ప్రోగ్రెసో ఇండస్ట్రియల్ దో బ్రాజీల్’ అనే బట్టల తయారీ కంపెనీ ఏర్పడింది. రియో నగరానికి పశ్చిమాన, రైలు మార్గాన్ని ఆనుకొని ఉన్న బంగు అనే పాత భూస్వామ్య క్షేత్రాన్ని ఆ కంపెనీ కొన్నది. నీటి వసతి, చవక భూమి, రైలు సౌకర్యం ఆ ఎంపికకు కారణాలు. 1893లో మిల్లు పని ప్రారంభించింది. యంత్రాలు ఇంగ్లండు నుంచి వచ్చాయి. యంత్రాలతో పాటు వాటిని నడిపించే నిపుణులు లాంకషైర్, స్కాట్లండు ప్రాంతాల నుంచి వచ్చారు.

ఇంగ్లండులో ఫుట్‌బాల్ వ్యాప్తికి కర్మాగార చట్టాలకు దగ్గరి సంబంధం ఉంది. 1850 నాటి చట్టం ప్రకారం బట్టల మిల్లులలో స్త్రీలకు, బాలకార్మికులకు శనివారం మధ్యాహ్నం రెండు గంటలకే పని ఆపివేయవలసి వచ్చింది. వారు లేనిదే మిల్లు నడవదు కనుక పురుషులకు కూడా క్రమంగా ఆ మధ్యాహ్నం తీరిక దొరికింది. వేలమందికి ఒకేసారి దొరికిన ఆ తీరికే మైదానాలను నింపింది. బంగుకు వచ్చిన బ్రిటిషు నిపుణులు మిల్లు పనితో పాటు ఈ శనివారపు అలవాటును కూడా తెచ్చారు. వారిలో స్కాట్లండు నుంచి 1894లో వచ్చిన థామస్ డోనహో ఒకడు. రంగుల అద్దకంలో నిపుణుడు. బ్రెజిల్‌లో తొలిసారి బంతి ఆడించినవాడు ఇతడేనని బంగువాసులు అంటారు. అదే సంవత్సరం సౌంపౌలోకు తిరిగి వచ్చిన చార్లెస్ మిల్లరుకు ఆ గౌరవం దక్కాలని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. వివాదం ఎలా ఉన్నా, దేశంలోకి ఆట ప్రవేశించిన ద్వారాలలో మిల్లు గేటు ఒకటనేది నిజం.

1904 ఏప్రిల్ 17న క్లబ్బు లాంఛనంగా ఏర్పడింది. తొలి పేరు ఇంగ్లీషులోనే ఉంది. స్థాపకులలో ఎక్కువమంది బ్రిటిషు ఉద్యోగులు. మైదానం మిల్లు ఆవరణకు పక్కనే, కంపెనీ భూమిలోనే ఉండేది. ఆ వీధికి కంపెనీ నిర్వాహకుడు జువాఁ ఫెర్రేర్ పేరు ఉన్నందున మైదానానికి ‘ఫెర్రేర్ వీధి మైదానం’ అనే పేరు వచ్చింది.

4. నేతపనివాడు ఆటగాడైన వేళ

ఆ కాలంలో రియోలో ఫుట్‌బాల్ సంపన్నుల ఆట. 1902లో ఏర్పడిన ఫ్లుమినెన్సె క్లబ్బు ఐరోపాలో చదువుకొని వచ్చిన సంపన్న యువకులది. బంగులో పరిస్థితి వేరు. నగరానికి దూరంగా ఉన్న ఆ మిల్లు ఊరిలో రెండు జట్లకు సరిపడా, అంటే ఇరవై ఇద్దరు, ఆడగల బ్రిటిషువారు దొరకడం కష్టమయింది. ఆట సాగాలంటే కార్మికులను కలుపుకోక తప్పలేదు. ‘బ్రెజిల్ ఫుట్‌బాల్‌లో నల్లజాతీయుడు’ అనే అర్థం వచ్చే పేరుతో 1947లో వెలువడిన గ్రంథంలో మారియో ఫిల్హో ఈ విషయాన్నే వివరించాడు. అందువల్ల బంగు సమానత్వానికి తొలి ప్రేరణ ఆదర్శం కన్నా అవసరమే అనుకోవాలి. అయితే అవసరంగా మొదలైనది ఆచారమై, ఆచారం గర్వకారణమై నిలవడం ఈ క్లబ్బు ప్రత్యేకత.

1905 మే 14న బంగు జట్టు తన మైదానంలో ఫ్లుమినెన్సెతో తలపడి 5-3 తేడాతో గెలిచింది. ఆ పదకొండుమందిలో ఐదుగురు ఇంగ్లీషువారు, ముగ్గురు ఇటాలియన్లు, ఇద్దరు పోర్చుగీసువారు, ఒక్కడే బ్రెజిలియన్. ఆ ఒక్కడు ఫ్రాన్సిస్కో కార్రెగాల్. మిల్లులో నేతపనివాడు, నల్లజాతి సంతతివాడు. బానిసత్వం రద్దయి పదిహేడేళ్లు నిండిన మరునాడు జరిగిన పోటీ అది. ఆ జట్టు ఛాయాచిత్రంలో మిగిలినవారికన్నా కార్రెగాల్ ఎక్కువ శుభ్రంగా, శ్రద్ధగా ముస్తాబై కనిపిస్తాడని మారియో ఫిల్హో గమనించాడు. తన చోటును ఎవరూ ప్రశ్నించకుండా ఉండాలంటే దుస్తులలో కూడా వెలితి ఉండరాదని ఆ కార్మికుడు గ్రహించాడన్నమాట.

1907లో రియో లీగు నిర్వాహకులు నల్లజాతివారిని ఔత్సాహిక ఆటగాళ్లుగా నమోదు చేయరాదని నిర్ణయించారు. ఆ సంవత్సరమే బంగు లీగు నుంచి వైదొలగింది. ఆ నిర్ణయం వెనుక ఇతర కారణాలు కూడా ఉండవచ్చుననే చర్చ పరిశోధకులలో ఉంది. కాని ఫలితం స్పష్టం. నియమాన్ని అంగీకరించి తన కార్మికులను వదులుకోవడం కన్నా లీగును వదులుకోవడం బంగుకు సాధ్యమైన మార్గమయింది. నల్లజాతివారిని, శ్రామికులను జట్టులో చేర్చుకొన్న ఘనత చాలాకాలం వాస్కో ద గామా క్లబ్బుకే దక్కింది. 1923లో ఆ క్లబ్బు రియో విజేతగా నిలిచి, 1924లో తన ఆటగాళ్లను తొలగించడానికి నిరాకరిస్తూ లేఖ రాసిన సంగతి ప్రసిద్ధం. బంగులో కార్రెగాల్ ఆడిన నాటికి వాస్కోకు ఫుట్‌బాల్ జట్టే లేదు.

మిల్లు యాజమాన్యానికి కూడా ఆట లాభించింది. గెలిచే జట్టు వల్ల బట్టకు పేరు వచ్చింది. అందుచేత బాగా ఆడే కార్మికులకు తేలికపని ఇచ్చేవారు. నేసిన బట్టను సరిచూసే గదిలో పని అటువంటిది. సాధన ఉన్న రోజులలో త్వరగా విడిచిపెట్టేవారు. ఉద్యోగరీత్యా కార్మికుడు, వాస్తవంలో ఆటగాడు అనే కొత్త తరగతి ఇలా ఏర్పడింది. ఈ ఏర్పాటులో రెండు పార్శ్వాలు ఉన్నాయి. మగ్గం ముందు నుంచి లేచి వెళ్లే అవకాశం కార్మికుడికి దొరికింది. అతని కాలు కూడా యజమాని ఆస్తి అయింది.

స్త్రీల విషయం మరొకటి. మిల్లులో పనిచేసినవారిలో స్త్రీలూ ఉన్నారు. క్లబ్బు నృత్యసభలకు, ఉత్సవాలకు వారు వచ్చేవారు. మైదానం మాత్రం వారిది కాలేదు. 1941లో బ్రెజిల్ ప్రభుత్వం స్త్రీ స్వభావానికి సరిపడని ఆటలను స్త్రీలు ఆడరాదని శాసనం చేసింది. ఫుట్‌బాల్‌కు కూడా వర్తించిన ఆ నిషేధం 1979 వరకు కొనసాగింది. బంగు సమానత్వ చరిత్రను చెప్పేటప్పుడు ఈ హద్దును కూడా చెప్పడం అవసరం.

5. పోషకుల నీడ, సభ్యుల అండ

1933లో రియోలో ఫుట్‌బాల్ వృత్తి క్రీడగా మారింది. ఆ తొలి వృత్తి పోటీలో బంగు విజేత అయింది. ప్రపంచ ప్రసిద్ధి పొందిన రక్షణ ఆటగాడు దోమింగోస్ ద గియా బంగులోనే పుట్టి, ఆ క్లబ్బులోనే ఆట నేర్చాడు. 1947లో కొత్త మైదానం సిద్ధమయింది. పేటలోని ప్రాంతాన్ని బట్టి దానిని ‘మోసా బొనీటా’ అంటారు. ఆ మాటకు అందమైన పడుచు అని అర్థం. అధికారిక నామంలో మాత్రం రెండు మాటలు పక్కపక్కన కనిపిస్తాయి. ఒకటి ‘శ్రామిక’ అనే విశేషణం. రెండవది మిల్లు అధిపతి గిల్యెర్మె ద సిల్వేరా పేరు. శ్రామికులదీ, యజమానిదీ అయిన మైదానం అన్నమాట. క్లబ్బు అంతర్వైరుధ్యం మొత్తం ఆ పేరులోనే ఇమిడి ఉంది.

1960లో న్యూయార్కులో జరిగిన అంతర్జాతీయ లీగు పోటీలో బంగు గెలిచింది. 1966లో ఫ్లమెంగోను 3-0తో ఓడించి రెండవసారి రియో విజేత అయింది. మరకనా మైదానంలో జరిగిన ఆ పోటీ ఆటగాళ్ల కొట్లాటతో మధ్యలోనే ఆగిపోయింది. 1985లో జాతీయ పోటీల అంతిమ సమరానికి చేరి, కొరితీబా జట్టు చేతిలో పెనాల్టీలలో ఓడింది. ఈ రెండవ వైభవ దశకు పోషకుడు కాస్తోర్ ద అంద్రాదె. ‘జంతువుల ఆట’ అనే చట్టవిరుద్ధ జూదానికి అధిపతి. రాయలసీమ పట్టణాల పాఠకులకు మట్కా అంటే సులువుగా తెలుస్తుంది. మిల్లు ప్రాభవం తగ్గిన చోట జూదం సొమ్ము ప్రవేశించింది. 1990లలో అతడు జైలుపాలై 1997లో మరణించిన తరువాత క్లబ్బు మళ్లీ చిన్న క్లబ్బే అయింది.

21వ శతాబ్ది తొలి దశకంలో మిల్లు కూడా ముగిసింది. 2007లో ఆ ఎర్ర ఇటుకల కట్టడం వాణిజ్య సముదాయంగా తెరుచుకొన్నది. దాని వద్ద థామస్ డోనహో విగ్రహం ఉంది. మిల్లు పోయింది, జూదపు పోషకుడు పోయాడు. క్లబ్బు మాత్రం దిగువ శ్రేణులలో ఆడుతూనే ఉంది. కారణం క్లబ్బు నిర్మాణంలోనే ఉంది. కంపెనీ భూమి ఇచ్చినా, డబ్బు ఇచ్చినా, బంగు ఏనాడూ కంపెనీలో ఒక శాఖ కాదు. దానికి సొంత నియమావళి, సభ్యత్వం, కార్యవర్గం ఉన్నాయి. పేట పేరే క్లబ్బు పేరు. పోషకులు మారినా సభ్యులు మారలేదు.

6. భారతదేశపు సాదృశ్యాలు

ఈ వాదాన్ని భారతదేశపు ఉదాహరణలతో పరీక్షించవచ్చు. పంజాబులోని ఫగ్వారాలో జె.సి.టి. బట్టల మిల్లు 1971లో ఫుట్‌బాల్ జట్టును ఏర్పరచింది. 1996-97లో తొలి జాతీయ ఫుట్‌బాల్ లీగు విజేత ఆ మిల్లు జట్టే. బంగు తన చరిత్రలో సాధించలేకపోయిన జాతీయ విజయాన్ని ఈ జట్టు సాధించింది. అయినా 2011లో కంపెనీ జట్టును రద్దు చేసింది. ఒక యాజమాన్య నిర్ణయంతో నలభై ఏళ్ల చరిత్ర ముగిసింది. జె.సి.టి.కి అభిమానులున్నారు కాని నిర్ణయాధికారం గల సభ్యులు లేరు.

హిందూపురానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరులో రెండు రకాల సంస్థలూ కనిపిస్తాయి. 1937లో బొంబాయి రోవర్స్ కప్పు గెలిచిన బెంగళూరు ముస్లిమ్స్ ఒక సముదాయం నడిపిన క్లబ్బు. సైనిక జట్ల గుత్తాధిపత్యాన్ని ఆ పోటీలో ఛేదించిన తొలి భారతీయ జట్టు అదే. 1977లో తొలి ఫెడరేషన్ కప్పును మోహన్ బగాన్‌ను ఓడించి గెలిచిన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ జట్టు ప్రభుత్వరంగ కర్మాగారానిది.

తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన ఆ జట్టు దేశంలోనే మేటి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందిన భారత జట్టులో హైదరాబాదు ఆటగాళ్లు పెద్దసంఖ్యలో ఉన్నారు. రహీం 1963లో మరణించాడు. తరువాత కొన్నేళ్లకే ఆ వైభవం క్షీణించింది. జట్టు ఒక ప్రభుత్వ శాఖ మీద, ఒక గురువు మీద ఆధారపడింది. శాఖ ప్రాధాన్యాలు మారినప్పుడు, గురువు లేనప్పుడు దానిని నిలబెట్టే సభ్యసమాజం లేకపోయింది.

7. ధర్మవరం, హిందూపురం, పెనుకొండ: సైరను లేని నేత

గుంతకల్లు నుంచి బెంగళూరుకు వెళ్లే రైలు మార్గంపై ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరుసగా వస్తాయి. ఈ మార్గం 19వ శతాబ్ది చివరి దశకంలో, అంటే బంగు మిల్లు మొదలైన కాలంలోనే, ఏర్పడింది. ధర్మవరంలో పాకాల వైపు మరొక మార్గం చీలుతుంది. ఈ మూడు ఊళ్లూ అనంతపురం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి.

ఈ మూడింటినీ కలిపేది పట్టు. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు ఉంది. ఆ పట్టణానికి దగ్గరలోని కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధన సంస్థ ఉంది. హిందూపురం శివారు ముదిరెడ్డిపల్లి, పెనుకొండకు సమీపంలోని సోమందేపల్లి నేతకేంద్రాలు. ధర్మవరం పట్టుచీర భౌగోళిక గుర్తింపు పొందినది. తొగట, పద్మశాలి, దేవాంగ కులాలవారితో పాటు ఇతర కులాలవారు కూడా నేతలో ఉన్నారు.

అయితే ఇక్కడి నేత ఇంటినేత. బంగులో వలె ఒక కంపెనీ ఊరినంతా కట్టించి, వేలమందిని ఒకే కప్పు కింద చేర్చిన పద్ధతి ఇక్కడ లేదు. గుంత మగ్గం ఇంటి నడవాలోనే ఉంటుంది. పురుషుడు మగ్గంలో కూర్చుంటే స్త్రీలు కండెలు చుడతారు, పిల్లలు చేయందిస్తారు. కూలి రోజును బట్టి కాదు, చీరను బట్టి. పడుగు, పేకలకు కావలసిన పట్టు, జరీ పెట్టుబడిదారు ఇస్తాడు. చీర దిగితేనే డబ్బు. పని మొదలుపెట్టమని గాని ఆపమని గాని చెప్పే సైరను లేదు. స్వేచ్ఛలా కనిపించే ఈ ఏర్పాటులోనే తీరిక మాయమవుతుంది. మిల్లు కార్మికుడు సైరను మోగగానే పనిని విడిచి బయటపడతాడు. ఇంటినేతగాడు పనిని విడిచి వెళ్లడానికి పని వేరే చోట లేదు. అతడు మైదానానికి వెళ్లిన ప్రతి గంటా చీరను ఆలస్యం చేస్తుంది.

కాబట్టి ఈ ఊళ్లలో ఉమ్మడి కాలం మిల్లు వల్ల కాక బడి వల్ల ఏర్పడింది. బడిగంట ఒక్కటే ఇక్కడి సైరను. ఆట పీరియడులో, సెలవు రోజులలో ఉన్నత పాఠశాల మైదానమే ఊరి మైదానం. అందులోనే ఆటలు, అందులోనే బహిరంగ సభలు, ప్రదర్శనలు. బడి పూర్తయి మగ్గంలో దిగిన యువకుడికి ఆ మైదానంతో సంబంధం తెగిపోతుంది. బంగులో పని మొదలైన చోట ఆట మొదలయింది. ధర్మవరంలో పని మొదలైన చోట ఆట ముగిసింది. రెండు నేత ఊళ్ల మధ్య ఇదే అసలు తేడా.

నేతగాళ్లకు సంఘటిత శక్తి లేదని దీని అర్థం కాదు. చేనేత సహకార సంఘాలు దశాబ్దాలుగా ఉన్నాయి. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం అమలు కోసం, మరమగ్గాల అక్రమ పోటీకి వ్యతిరేకంగా కార్మికులు ఉద్యమించారు. సభ్యత్వం, చందా, కార్యవర్గం, ఎన్నిక అనే క్లబ్బు లక్షణాలన్నీ ఆ సంఘాలలో ఉన్నాయి. నూలు, కూలి, రిబేటు సమస్యలతో సతమతమయ్యే సంఘానికి ఆట విషయం ఆలోచించే వెసులుబాటు లేకపోయింది. అంటే బంగుకు సాయపడిన మూడింటిలో ఉమ్మడి సభ్యత్వం ఇక్కడ ఉంది. లేనివి ఉమ్మడి కాలం, ఉమ్మడి స్థలం.

8. మరొక ఫెర్రేర్: స్వచ్ఛంద సంస్థ ఇచ్చిన మైదానం

ఆ లోటును కొంతవరకు పూరించినది రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్. స్పెయిన్ దేశానికి చెందిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో జెసూట్ మతాచార్యునిగా భారతదేశానికి వచ్చి మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతుల మధ్య పనిచేశాడు. 1968లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. మరుసటి సంవత్సరం తిరిగి వచ్చి అనంతపురంలో స్థిరపడి, ఈ సంస్థను స్థాపించాడు. బంగులోని ఫెర్రేర్ వీధికీ, అనంతపురం ఫెర్రర్‌కూ ఉన్న పేరు పోలిక కేవలం యాదృచ్ఛికం. అక్కడి ఫెర్రేర్ మిల్లు అధికారి, ఇక్కడి ఫెర్రర్ సేవాసంస్థ స్థాపకుడు. అయినా రెండుచోట్లా ఆ పేరుగలవారి సంస్థ భూమిలోనే పేదల పిల్లలు బంతి ఆడారు.

సంస్థ తొలి కృషి బావులు, నీరు, ఇళ్లు, బడులకు సంబంధించినది. ధర్మవరానికి దగ్గరలోని బత్తలపల్లిలో 2000లో పెద్ద ఆసుపత్రి ప్రారంభమయింది. 2009 జూన్ 19న మరణించిన ఫెర్రర్ సమాధి కూడా బత్తలపల్లిలోనే ఉంది. విద్యతో పాటు క్రీడ కూడా పిల్లల హక్కు అనే దృష్టితో సంస్థ అనంతపురంలో క్రీడాగ్రామాన్ని నిర్మించింది. అక్కడి క్రికెట్ మైదానంలో రంజీ పోటీలు, 2024లో దులీప్ ట్రోఫీ పోటీలు జరిగాయి. 2010లో టెన్నిస్ క్రీడాకారుడు రఫేల్ నాదల్ ఫౌండేషన్ సహకారంతో టెన్నిస్ కేంద్రం ఏర్పడింది. ఫుట్‌బాల్, హాకీ, జూడో, సాఫ్ట్‌బాల్ శిక్షణ కూడా అనంతపురం స్పోర్ట్స్ అకాడమీ ద్వారా సాగుతున్నది.

ఈ కృషిలో ఫుట్‌బాల్ స్థానం విశిష్టమైనది. స్పెయిన్‌లోని లా లిగా సంస్థ సహకారంతో సాగిన అనంతపురం ఫుట్‌బాల్ లీగులో పల్లెల జట్లు తలపడ్డాయి. బాలికలు కూడా ఆడారు. బంగు మిల్లు స్త్రీలకు చట్టం నిషేధించినది అనంతపురం పల్లె బాలికలకు అందుబాటులోకి వచ్చింది. ఒక్క బంతి, ఒక్క ఖాళీ స్థలం ఉంటే చాలు ఇరవైమంది ఆడగల ఆట ఫుట్‌బాల్. కరువు నేలపై క్రికెట్ పిచ్ కన్నా, టెన్నిస్ కోర్టు కన్నా అది చవక.

ఈ ఏర్పాటులోనూ బంగు చరిత్ర లేవనెత్తే ప్రశ్న ఎదురవుతుంది. మైదానం ఎవరిది? 2025లో ఈ సంస్థకు విదేశీ విరాళాలు స్వీకరించే అనుమతి కొనసాగింపు ప్రశ్నార్థకమైనప్పుడు అనంతపురం ప్రాంత ప్రజలు ప్రదర్శనలు జరిపారు. ఆసుపత్రి గురించి, బడుల గురించి ఆందోళన ముందుకు వచ్చింది. ఆ సందర్భం ఒక విషయాన్ని బయటపెట్టింది. ఇచ్చే చేయి ఎంత మంచిదైనా, ఆ చేయి ఆగితే ఆట ఆగుతుంది. అదే సమయంలో ఆ ప్రదర్శనలు రెండవ విషయాన్ని కూడా చెప్పాయి. లబ్ధిదారులుగా లెక్కకెక్కినవారు ఆ సంస్థను తమదిగా భావించి వీధిలోకి వచ్చారు. సభ్యత్వానికి తొలిమెట్టు ఆ భావనే.

పెనుకొండ విషయంలో ఈ ప్రశ్నకు మరొక కోణం ఉంది. విజయనగర రాజుల రెండవ రాజధానిగా పేరుపొందిన ఈ ఊరికి సమీపంలోని ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. ఆ కంపెనీ ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య పోటీలకు ప్రాయోజకుల్లో ఒకటి. బంగుకు 1893లో వచ్చిన సైరను పెనుకొండకు 126 ఏళ్ల తరువాత వచ్చింది. షిఫ్టు పనితో పాటు ఉమ్మడి కాలం వచ్చింది. దానికి ఉమ్మడి స్థలం, ఉమ్మడి సభ్యత్వం తోడైతే ఏర్పడేది క్లబ్బు. కంపెనీ జట్టుగానే మిగిలితే దాని గతి ఫగ్వారా మిల్లు జట్టు గతే.

9. ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

మొదటిది, ఆటకు తీరిక మూలం. బంగులో ఆ తీరికను మిల్లు సైరను ఇచ్చింది. ధర్మవరం ప్రాంతంలో ఇంటినేత ఆ తీరికను మింగివేసింది. కాబట్టి ఈ ప్రాంతంలో ఫుట్‌బాల్ ఆలస్యంగా వేళ్లూనడాన్ని ప్రజల అనాసక్తిగా కాక, ఉత్పత్తి విధానపు ఫలితంగా అర్థం చేసుకోవాలి.

రెండవది, సమానత్వం చాలాసార్లు అవసరం రూపంలో ప్రవేశిస్తుంది. కార్రెగాల్‌ను జట్టులోకి తెచ్చినది ఆటగాళ్ల కొరత. అతనికి జట్టులో స్థానం నిలిపినది కార్మికవాడ.

మూడవది, పోషకత్వం క్లబ్బును పుట్టించగలదు కాని బతికించలేదు. జె.సి.టి., హైదరాబాదు సిటీ పోలీసు జట్లు బంగు కన్నా పెద్ద విజయాలు సాధించినా, పోషకుల నిర్ణయంతోనో నిర్లక్ష్యంతోనో తగ్గిపోయాయి. బంగు ఓడిపోతూ కూడా నిలిచింది.

ధర్మవరం, హిందూపురం, పెనుకొండ ప్రాంతంలో సభ్యత్వ సంప్రదాయం చేనేత సహకార సంఘాల రూపంలో ఉంది. మైదానాలు బడుల వద్ద, స్వచ్ఛంద సంస్థ వద్ద ఉన్నాయి. ఈ రెండూ ఇంతవరకు వేర్వేరుగా నడిచాయి. చందా కట్టే నేత కుటుంబమే మైదానానికి కూడా సభ్యత్వం కలిగి, బడి విడిచిన యువతీయువకులకు అక్కడ చోటు మిగిల్చినప్పుడు, తెలుగులో క్లబ్బు అనే మాటకు ఉన్న పాత అర్థం మారుతుంది. బంగు చిన్న క్లబ్బు చరిత్ర ఈ ప్రాంతానికి అందించే ప్రయోజనం ఇదే.